పిల్లికి షుగర్ వస్తే... ఇంట్లోనే పరీక్ష ఎలా?

పిల్లికి కూడా షుగర్ వస్తుందంటే నవ్వేవారు మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నారు. "మనుషులకే దిక్కు లేదు, ఇక పిల్లులకా!" అని తీసిపారేసేవారూ ఉన్నారు. కాని అది నిజంగా వచ్చే జబ్బే. మనుషులకు పెద్దవయసులో వచ్చే మధుమేహానికి చాలా దగ్గరి పోలికతో వస్తుంది. ఒంట్లో ఇన్సులిన్ పనిచేయడం మందగిస్తుంది. దాన్ని తయారుచేసే క్లోమగ్రంథిలోని కణాలు క్రమంగా దెబ్బతింటాయి. నడివయసు దాటిన పిల్లులకు, బాగా ఒళ్లు చేసినవాటికి, నాలుగు గోడల మధ్యే తిని పడుకునేవాటికి, అందులోనూ మగపిల్లులకు ఎక్కువగా వస్తుంది. దురదకో ఉబ్బసానికో స్టెరాయిడ్ మందులు ఎక్కువకాలం వాడిన పిల్లుల్లో కూడా కనిపిస్తుంది. ఒకప్పుడు గోడలు దూకి ఎలుకలు పట్టుకుని బ్రతికిన పిల్లి ఈనాడు హైదరాబాదు పాతబస్తీలో, కర్నూలులో, కడపలో, గుంటూరులో ఎన్నో ఇళ్లలో బొచ్చు దువ్వించుకుంటూ సోఫా మీద కూర్చుంటున్నది. ఆ సోఫాతోపాటు ఈ జబ్బు కూడా దానికి దగ్గరయింది.

ఉర్దూలో దీన్ని జియాబీతస్ అంటాం. గ్రీకు మాట అరబీ మీదుగా మనదాకా వచ్చింది. గుండా ప్రవహించిపోవడం అని దాని అర్థం. తెలుగులో మధుమేహం అంటాం, అంటే తియ్యని మూత్రం. ఈ రెండు మాటల్లోనే జబ్బు గుర్తులు చాలావరకు ఉన్నాయి. పిల్లి మాటిమాటికీ నీళ్లు తాగుతుంది. ఇసుక ట్రేలో తడిగడ్డలు రెండింతలవుతాయి. ట్రే చుట్టూ చీమలు చేరవచ్చు కూడా. ఆకలి బాగానే ఉంటుంది, పెట్టినదంతా తింటుంది, అయినా వీపు ఎముక చేతికి తగిలేంతగా చిక్కిపోతుంది. జబ్బు ముదిరిన కొన్ని పిల్లుల్లో వెనుక కాళ్ల నరాలు దెబ్బతిని, వేళ్ల మీద నడవవలసిన పిల్లి మడమలు నేలకు ఆనించి కుందేలులా నడుస్తుంది. ఈ గుర్తుల్లో ఏ రెండు కనిపించినా పశువుల డాక్టరుకు చూపించాలి. "వయసు మీదపడింది" అనుకుని వదిలేయడం సరికాదు.

ఇంత శ్రమ పిల్లి కోసమా?

ఈ విషయం ఎత్తినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. మనుషులు మందులు కొనలేక అల్లాడుతుంటే పిల్లికి ఇన్సులిన్, మీటరు, స్ట్రిప్పులు కొనడం ఇస్రాఫ్ కాదా, వృథా ఖర్చు కాదా అని. అడిగేవారి మనసులో చెడు లేదు. అయితే ఒక మాట. పర్షియన్ పిల్లిని వేలకు వేలు పోసి కొన్నప్పుడు అడగని ఇస్రాఫ్ ప్రశ్న, ఆ పిల్లికి జబ్బు చేసిన రోజున అడగడం నాకు సబబుగా తోచదు.

పిల్లిని బంధించి, తిండి పెట్టకుండా, తానే వెతుక్కుని తినేందుకు వదలకుండా చావనిచ్చిన స్త్రీ శిక్షకు గురైన ఉదంతం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఆ హదీసు మన పిల్లలకు కూడా తెలుసు. అందులో బంధించడం అనే మాటను ఆలోచించాలి. వీధిపిల్లి తన తిండి తాను వెతుక్కుంటుంది. మనం తలుపు వేసి పెంచిన పిల్లి తిండినే వెతుక్కోలేదు, ఇక మందును ఎక్కడ వెతుక్కుంటుంది? నిజంగా భరించలేనివారు ఆ సంగతి డాక్టరుతో దాపరికం లేకుండా చెప్పాలి. తక్కువ ఖర్చులో చేయదగినవి కొన్ని ఉంటాయి. అదీ కుదరకపోతే చూసుకోగలవారికి అప్పగించాలి. రాత్రిపూట తీసుకెళ్లి మరో గల్లీలో వదిలి రావడం మాత్రం పరిష్కారం కాదు.

మరో సంగతి కూడా ఉంది. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక కుక్క క్లోమాన్ని తీసివేస్తే దానికి మధుమేహం వచ్చింది. ఈ జబ్బుకూ క్లోమానికీ ఉన్న సంబంధం అలా తెలిసింది. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను మొదట పరీక్షించింది కూడా కుక్కల మీదే. 1922 జనవరిలో గాని అది మనిషి దాకా రాలేదు. మన ఇంట్లో నానీమా వేసుకుంటున్న సూదిలో ఆ మూగజీవాల బాకీ కొంత ఉంది.

ఆస్పత్రి లెక్క వేరు, ఇంటి లెక్క వేరు

ఆరోగ్యంగా ఉన్న పిల్లి నెత్తురులో చక్కెర డెసిలీటరుకు సుమారు 70 నుంచి 150 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. అయితే పిల్లి స్వభావం విచిత్రమైనది. బుట్టలో కూర్చోబెట్టి, ఆటోలో తిప్పి, కుక్కలు మొరిగే ఆస్పత్రి వరండాలో గంటసేపు ఉంచి, నలుగురు పట్టుకుని నెత్తురు తీస్తే, ఆ భయానికే దాని చక్కెర 300 దాటిపోవచ్చు. జబ్బు లేని పిల్లికి కూడా అలా జరుగుతుంది. అందుకే మంచి డాక్టర్లు ఒక్క లెక్కతో నిర్ణయం చేయరు. మూత్రంలో చక్కెర ఉందేమో చూస్తారు. ఫ్రక్టోసమైన్ అనే పరీక్ష చేయిస్తారు. గడిచిన ఒకటి రెండు వారాల సగటు అందులో తెలుస్తుంది, ఆ గంటలో పడిన భయం దాన్ని మార్చలేదు.

జబ్బు ఖాయమై ఇన్సులిన్ మొదలైన తర్వాత కూడా ఈ చిక్కు పోదు. మా పాఠశాలలో చదివిన ఒక అమ్మాయి ఇంట్లో తొమ్మిదేళ్ల పిల్లి ఉంది. ఆస్పత్రికి తీసుకెళ్లిన ప్రతిసారీ 340, 360 వచ్చేది. మోతాదు పెంచాలా అని డాక్టరు ఆలోచిస్తున్నారు. ఆ అమ్మాయి మీటరు తెచ్చుకుని ఇంట్లో నాలుగు రోజులు, అదే వేళకు చూసింది. ఒక్కసారి కూడా 210 దాటలేదు. ఆ కాగితం చూసి డాక్టరు మోతాదు పెంచే ఆలోచన మానుకున్నారు. ఆస్పత్రి లెక్కను నమ్మి పెంచి ఉంటే ఇంట్లో నిద్రపోయే వేళ ఆ పిల్లి చక్కెర ఎక్కడికి పడిపోయేదో ఊహించవచ్చు.

ఈ మార్గం కొత్తది కాదు. పిల్లుల, కుక్కల చెవి నుంచి ఒక్క బొట్టు నెత్తురు తీసి చిన్న మీటరుతో చూడవచ్చునని స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ విశ్వవిద్యాలయం పశువైద్యులు 2000 సంవత్సరంలోనే ప్రకటించారు. యజమానులకు నేర్పితే ఇంట్లో బాగానే చేయగలుగుతున్నారని తర్వాత తేలింది.

చెవి అంచు నుంచి ఒక బొట్టు

పిల్లికి వేళ్లు గుచ్చరు. చెవి అంచున గుచ్చుతారు. అక్కడ నొప్పి తక్కువ. చెవిని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అంచు వెంబడి సన్నని నరం ఒకటి కనిపిస్తుంది. గుచ్చవలసింది ఆ నరాన్ని కాదు, ఆ నరానికీ చెవి అంచుకూ మధ్య ఉన్న సన్నని జాగాను. నరానికే గుచ్చితే నెత్తురు ఎక్కువ వస్తుంది, చెవి కమిలిపోతుంది.

వేళ, చోటు రోజూ ఒకటే ఉండాలి. పిల్లికి అలవాటే ప్రాణం. తిండి పెట్టడానికీ సూది వేయడానికీ ముందు ఒడిలో గాని బల్ల మీద గాని కూర్చోబెట్టి, మెడ చుట్టూ తువాలు కప్పి, ముందుగా చెవిని వెచ్చబరచాలి. చల్లని చెవి నుంచి నెత్తురు రాదు. మేజోడులో గుప్పెడు బియ్యం పోసి కాస్త వెచ్చచేసి కాపడం పెట్టినట్లు అర నిమిషం ఆనిస్తే చాలు. ముందు మీ చెంపకు ఆనించి వేడి చూసుకోండి. తడిగుడ్డ వాడితే చెవిని బాగా తుడిచి ఆరనివ్వాలి, లేకపోతే నీరు కలిసి లెక్క తప్పుతుంది. స్పిరిటు అక్కర్లేదు, అది మండుతుంది, పిల్లి మరునాడు మీకు దొరకదు. డెటాల్ లాంటివి పిల్లుల ఒంటికే హాని చేస్తాయి, వాటిని దగ్గరకు రానివ్వకండి.

చెవి వెనుక చిన్న దూదిమడత పెట్టుకోవాలి, మీ వేలు గుచ్చుకోకుండా. చెవి అంచున వాసలైన్ పలచగా, ఉందా లేదా అన్నంతగా రాస్తే నెత్తురు బొచ్చులోకి పాకిపోకుండా గుండ్రని బొట్టుగా నిలుస్తుంది. లాన్సెట్ సూదితో ఒక్కసారి గుచ్చి స్ట్రిప్ కొనను ఆ బొట్టుకు తాకిస్తే, స్ట్రిప్పే పీల్చుకుంటుంది. తర్వాత దూదితో అర నిమిషం నొక్కి పట్టాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. రెండుసార్లు గుచ్చినా నెత్తురు రాకపోతే ఇక ఆ పూటకు పిల్లిని వదిలేయండి. పరీక్ష అయిన ప్రతిసారీ, కుదరకపోయినా సరే, ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి పెట్టండి, ఉప్పూ మసాలా లేకుండా. కొన్ని వారాల్లో ఆ ముక్క కోసం పిల్లే వచ్చి కూర్చోవడం నేను కళ్లారా చూశాను. చెవులు ముట్టనివ్వని పిల్లులకు ముందుకాలి అడుగున ఉండే మెత్తని దిండు నుంచి తీయవచ్చు. అది డాక్టరు చేసి చూపించిన తర్వాతే.

మసలా అడిగేవారి కోసం ఒక మాట. పిల్లి మూతిపెట్టిన నీళ్లు అపవిత్రం కావని హజ్రత్ అబూ ఖతాదా (రజి) గారి ఉల్లేఖనం వల్ల మనకు తెలుసు. నెత్తురు సంగతి వేరు, కారే నెత్తురు నజిస్. బట్టల మీద పడితే కడుక్కుని నమాజుకు నిలబడండి. ఈ పనికి వేరే తువాలు, పాత చొక్కా పెట్టుకుంటే చిక్కే ఉండదు.

నానీమా మీటరు పనికొస్తుందా?

మన ఇళ్లలో గ్లూకోమీటరు కొత్త వస్తువు కాదు. పిల్లికీ అదే వాడవచ్చునా? వాడవచ్చు, కాని దాని మాటను అర్థం చేసుకుని వాడాలి. మనిషి నెత్తురులో చక్కెర ప్లాస్మాలో సుమారు 58 శాతం, ఎర్రకణాల్లో 42 శాతంగా పంచుకుని ఉంటుంది. పిల్లి నెత్తురులో దాదాపు 93 శాతం ప్లాస్మాలోనే ఉంటుంది, ఎర్రకణాల్లో 7 శాతమే. మీటరు మనిషి లెక్క ప్రకారం తయారైంది కనుక పిల్లి నెత్తురుకు సాధారణంగా అసలు ఉన్నదానికంటే తక్కువ చూపుతుంది. పిల్లులకూ కుక్కలకూ ప్రత్యేకంగా తయారుచేసిన ఆల్ఫాట్రాక్ లాంటి మీటర్లు ఉన్నాయి. దొరికి, కొనగలిగితే అవే మేలు. మనుషుల మీటరే గతి అయితే ఎప్పుడూ ఆ ఒక్కదానితోనే చూడాలి, దాని పేరు డాక్టరుకు చెప్పాలి. ఇవాళ ఒక మీటరు, రేపు మరొకటి అయితే పోలికే పోతుంది. వీలైతే ఒకసారి ఆస్పత్రిలో ల్యాబు పరీక్షకు నెత్తురు తీసిన క్షణంలోనే మీ మీటరుతోనూ చూసి, తేడా ఎంతో రాసుకోండి. వానాకాలంలో స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి ఉంచితే చెమ్మ తగిలి పాడవుతాయి. లాన్సెట్లు మాత్రం నానీమావి పిల్లికీ, పిల్లివి నానీమాకూ వాడకూడదు.

ఎర్రమూత, నారింజమూత

ఇప్పుడు చెప్పబోయేది నా దృష్టిలో ఈ వ్యాసంలోని అన్నింటికంటే ముఖ్యమైన సంగతి. మన దేశంలో మందుల షాపుల్లో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది. మనుషులు ఏళ్ల తరబడి వాడుతున్న మామూలు ఇన్సులిన్ సీసాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. పిల్లులకు డాక్టర్లు తరచుగా రాసే గ్లార్జిన్ ఇన్సులిన్‌లో మిల్లీలీటరుకు 100 యూనిట్లు. దేని సిరంజి దానికే ఉంది. 40కి ఎర్రమూత, 100కు నారింజరంగు మూత. 100 బలం ఉన్న ఇన్సులిన్‌ను ఎర్రమూత సిరంజిలో ఒక యూనిట్ గీత దాకా లాగితే లోపలికి వచ్చేది ఒక యూనిట్ కాదు, రెండున్నర యూనిట్లు.

మనిషికి ఇరవై, ముప్పై యూనిట్లు వేస్తారు. పిల్లికి మొదట్లో పూటకు ఒకటి రెండు యూనిట్లే. నాలుగైదు కిలోల ఒంటికి ఒకటికి బదులు రెండున్నర పడితే ప్రాణం మీదికి రావచ్చు. ఫ్రిజ్‌లో నానీమా సీసా, పిల్లి సీసా పక్కపక్కన ఉండే ఇంట్లో ఇది జరగడానికి ఒక్క తొందర పూట చాలు. పిల్లి సీసాను, దాని సిరంజిలను వేరే డబ్బాలో పెట్టి పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి. కొత్త సిరంజిల ప్యాకెట్టు తెచ్చిన ప్రతిసారీ మూత రంగు, దాని మీది అంకె ఇంట్లో ఇద్దరు చూడాలి. షాపువారు "రెండూ ఒకటే అమ్మా" అంటే వినకండి.

చక్కెర పడిపోతే

షుగర్ ఎక్కువైతే జబ్బు నెమ్మదిగా తింటుంది. తక్కువైతే గంటల్లో తీసుకుపోతుంది. ఇంట్లో పరీక్షకు ఉన్న అసలు ప్రయోజనం ఇక్కడే. సూది వేయడానికి ముందు చూసే ఆ ఒక్క లెక్క, ఈ పూట సూది వేయవచ్చునా లేదా అని చెబుతుంది.

పైన చెప్పిన అమ్మాయి ఇంట్లోనే జరిగింది. ఒక ఉదయం పిల్లి తిన్నది కక్కేసింది. అత్తగారు, "బేటా, వేళ దాటిపోతున్నది, సూది వేసెయ్" అన్నారు. "ఒక్క నిమిషం అమ్మీ, చూసి వేస్తాను" అని మీటరు పెడితే 92 వచ్చింది. సూది వేయలేదు. డాక్టరుకు ఫోన్ చేసింది. "ఉస్తాద్, చూడకుండా రోజూలాగే వేసి ఉంటే సాయంత్రానికి పిల్లి ఉండేది కాదేమో" అని తర్వాత నాతో అన్నది. అది అతిశయోక్తి కాదు.

సూది ఆపవలసిన గీత ఎక్కడ ఉన్నదో మీ డాక్టరు మీ పిల్లిని చూసి గీయాలి. కొత్తగా మొదలుపెట్టినవారికి 200 దగ్గర గీత గీసి, అంతకంటే తక్కువుంటే ముందు తనకు ఫోన్ చేయమనే డాక్టర్లు ఉన్నారు. ఆ అంకెను కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించండి. పిల్లి తినని పూట మామూలు మోతాదు వేయకూడదన్నది మాత్రం ఎవరైనా గుర్తుంచుకోవలసిన నియమం. ఒక సూది తప్పితే పెద్ద నష్టం లేదు. వేశామో లేదో అనుమానం వచ్చినప్పుడు రెండోసారి వేయకండి.

చక్కెర 60 కంటే కిందికి వస్తే ప్రమాదం. పిల్లి తూలుతుంది, చూపు నిలిచిపోతుంది, పిచ్చి ఆకలితో అరుస్తుంది లేదా మూలన దాక్కుంటుంది, చివరికి ఫిట్స్ వస్తాయి. కొన్ని పిల్లులు ఏ గుర్తూ చూపవు, మీటరే చెప్పాలి. మెలకువగా ఉంటే వెంటనే తిండి పెట్టండి. తినలేని స్థితిలో ఉంటే తేనె గాని గ్లూకోజు పాకం గాని వేలితో చిగుళ్లకు రాయండి. నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తున్నప్పుడు వేలు పెట్టకండి, కరుస్తుంది. కోలుకున్నట్లు కనిపించినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇన్సులిన్ ఇంకా ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది కనుక మళ్లీ పడిపోవచ్చు.

ఒక రోజంతా చూడటం

మోతాదు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి డాక్టరు అప్పుడప్పుడు రోజంతా చూడమంటారు. ఉదయం సూదికి ముందు మొదలుపెట్టి రెండు గంటలకొకసారి, సాయంత్రం సూది వేళ దాకా, మొత్తం ఏడు లెక్కలు. అందులో అన్నిటికంటే తక్కువ అంకె ఎంత, ఏ వేళకు వచ్చింది అన్నది డాక్టరుకు కావాలి. ఆ అంకె 80కీ 150కీ మధ్య ఉండేలా చూస్తారు. 80 కంటే తగ్గితే మోతాదు తగ్గిస్తారు. ఒక్క పూట 320 వచ్చిందని సొంతంగా అర యూనిట్ పెంచేవారు ఉన్నారు. అది చేయకూడదు. కొత్త మోతాదు కుదురుకోవడానికి వారం దాకా పడుతుంది. నిన్నటి లెక్కకూ నేటి లెక్కకూ తేడా ఉండటం ఈ జబ్బులో మామూలే.

పుస్తకంలో అంకెలతోపాటు ఎంత తిన్నది, ఎన్ని నీళ్లు తాగింది, వారానికొకసారి బరువు ఎంత అన్నవి కూడా రాయండి. పసిపిల్లల తూనిక దొరికితే మేలు. బరువు నిలబడి, నీళ్లు తాగడం తగ్గితే అంకెలు అటూ ఇటూ ఉన్నా పరిస్థితి బాగున్నట్లే. ఏ విధంగానూ నెత్తురు తీయలేనివారు మూత్రం స్ట్రిప్పులతో చక్కెర, కీటోన్లు చూడవచ్చు. దాన్ని బట్టి ఇన్సులిన్ మార్చడానికి వీల్లేదు గాని, కీటోన్లు కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలని మాత్రం తెలుస్తుంది.

మనుషులు చేతికి అంటించుకునే లిబ్రే సెన్సరును ఈ మధ్య పిల్లులకు కూడా వాడుతున్నారు. బొచ్చు గొరిగి మెడ మీదో పక్కటెముకల పక్కనో డాక్టరు అంటిస్తారు. మనుషులకు పద్నాలుగు రోజులు పనిచేసే సెన్సరు పిల్లి మీద తరచుగా ముందే ఊడిపోతుంది. అది చూసేది నెత్తురును కాదు, చర్మం కింది ద్రవాన్ని. అందుకే చక్కెర త్వరగా మారుతున్నప్పుడు కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. ఖర్చు సంగతి చూసుకుని రోజంతా పరీక్ష చేయవలసిన వారాల్లో పెట్టించుకునేవారు ఉన్నారు. అనుమానం వస్తే చెవి నెత్తురుతో సరిచూసుకోవాలి.

సూది అక్కర్లేని మందులు కూడా వచ్చాయి. అమెరికాలో 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రకు, 2023లో వెలాగ్లిఫ్లోజిన్ నోటిమందుకు పిల్లుల కోసం అనుమతి లభించింది. ఇవి చక్కెరను మూత్రంలోకి పంపించేస్తాయి. వీటిలో ఒక మాయ ఉంది. మీటరు మంచి అంకె చూపిస్తుండగానే ఒంట్లో కీటోన్లు పెరిగి పిల్లి ప్రమాదంలో పడవచ్చు. కనుక ఇవి వాడేవారు చక్కెర ఒక్కటి చూసి తృప్తిపడకూడదు. మనుషులకు రాసిన ఈ తరహా మాత్రను ముక్క చేసి పిల్లికి వేయడం ఎంతమాత్రం తగదు.

పందికొవ్వు, పంది ఇన్సులిన్ అంటూ అడిగేవారికి కూడా చెప్పాలి. పశువుల కోసమే తయారయ్యే కానిన్సులిన్ అనేది పంది క్లోమం నుంచి తీసినదే. గ్లార్జిన్ అలా కాదు, సూక్ష్మజీవుల ద్వారా ప్రయోగశాలలో తయారవుతుంది. సందేహం ఉన్నవారు డాక్టరును అడిగి రెండోదాన్ని రాయించుకోవచ్చు.

సూది మానే రోజు

పిల్లుల విషయంలో ఒక గొప్ప ఆశ ఉంది. తొందరగా, జాగ్రత్తగా వైద్యం చేస్తే కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే పోతుంది. గ్లార్జిన్ వాడుతూ యజమానులే ఇంట్లో రోజూ చూసుకున్న 55 పిల్లుల లెక్కలను రూంప్, రాండ్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో ప్రచురించారు. అందులో 64 శాతం పిల్లులు సూది మానగలిగాయి. జబ్బు బయటపడిన ఆరు నెలల్లోపు ఈ పద్ధతి మొదలుపెట్టిన వాటిలో 84 శాతం. ఆలస్యం చేసినవాటిలో 35 శాతమే. అంత శ్రద్ధగా చూసిన ఇళ్ల లెక్క అది, అందరికీ అలాగే జరుగుతుందని కాదు.

ఇందులో తిండి పాత్ర కూడా ఉంది. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. మనం పాలన్నం, బిస్కెట్లు, డబుల్‌రొట్టె పెడతాం, గిన్నె నిండా ఎండుగింజల మేత పోసి వదిలేస్తాం. పిండిపదార్థం తగ్గించి మాంసం ఎక్కువగా ఉన్న తడిమేతకు మార్చితే ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. ఇన్సులిన్ అదే మోతాదులో వేస్తూ తిండి ఒక్కసారిగా మార్చితే చక్కెర ధడాలున పడిపోవచ్చు. డాక్టరుకు చెప్పి, ఆ రోజుల్లో మామూలు కంటే ఎక్కువసార్లు చూస్తూ మార్చాలి. సూది మానిన తర్వాత కూడా వారానికో పదిరోజులకో చెవి బొట్టు చూస్తూ ఉండాలి. జబ్బు తిరగబెట్టిన పిల్లులు ఎన్నో ఉన్నాయి.

రమజాను, పెళ్లిళ్లు

సూదికీ సూదికీ మధ్య పన్నెండు గంటలు ఉండాలి. రమజానులో ఇంటి వేళలన్నీ మారిపోతాయి. సహరీకి ఒకటి, ఇఫ్తారుకు ఒకటి వేసేస్తే గుర్తుంటుంది కదా అనుకుంటారు. వేసవిలో వచ్చే రమజానులో సహరీకీ ఇఫ్తారుకూ మధ్య పద్నాలుగు గంటలకు పైగా ఉంటుంది, రాత్రి పది గంటలే మిగులుతుంది. పగటి సూది పని అయిపోయి చక్కెర పెరుగుతుంది, రాత్రి ఒక సూది మీద మరొకటి పడుతుంది. ఉపవాసం మనకు, పిల్లికి కాదు. దాని వేళలు షాబానులో ఎలా ఉన్నాయో అలాగే ఉండనివ్వండి. ఇఫ్తారు హడావిడిలో పకోడీలు, ఖీరు దాని నోటికి అందకుండా చూడండి.

ఊరికి పెళ్లికి వెళ్లేవారు పిల్లిని పక్కింటివారికి అప్పగిస్తే నోటిమాటతో సరిపెట్టకండి. రెండు పూటలు మీ ముందే వారిచేత చెవి పరీక్ష చేయించి, సూది వేయించి చూడండి. మోతాదు ఎంత, ఏ రంగు మూత సిరంజి, ఏ అంకె కంటే తక్కువైతే సూది వేయకూడదు, డాక్టరు ఫోన్ నంబరు ఎంత అన్నవి తెలుగులోనో ఉర్దూలోనో, వారు చదవగలిగిన భాషలో రాసి ఇవ్వండి. చుట్టుపక్కల పిల్లుల డాక్టరు లేనివారికి పశువైద్య కళాశాలల ఆస్పత్రులు ఉన్నాయి: తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు; ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి. వెళ్లేటప్పుడు పిల్లితోపాటు ఆ లెక్కల పుస్తకం, మీటరు, వాడుతున్న ఇన్సులిన్ సీసా, ఒక సిరంజి కూడా సంచిలో పెట్టుకోండి.